అమ్మ కాలికి గూడు

మా కొత్త ఇంట్లో అమ్మ బాత్రూములోకి వెళ్ళినవాళ్ళు ఒక ప్రశ్న వేయకుండా బయటికి రారు. కమోడ్‌కి ఎదురుగా గోడలో, నేల నుంచి మోకాలి ఎత్తు దాకా ఉన్న ఆ గూడు ఎందుకని. బకెట్టు పెట్టుకోవడానికా, చీపురు పెట్టుకోవడానికా అని వాళ్ళే ఏదో ఒకటి అనుకుంటారు. నేను కాఫీ కలపనా అని మాట మార్చేస్తాను.

రాజోలు దగ్గర మేం కొన్న స్థలం సన్నటిది. అన్ని గదులూ పోగా, అమ్మ గదికీ మేడ మెట్లకీ మధ్య బాత్రూముకి మిగిలింది తూర్పు పడమరలుగా ఓ సందు. పొడుగుకి లోటు లేదు కానీ, చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. అమ్మ కుడి మోకాలు వంగదు. ఎక్కడ కూర్చున్నా ఆ కాలు తిన్నగా ముందుకి చాచుకోవలసిందే. అద్దె ఇంట్లో జాగా చాలక, కమోడ్ మీద నేనే పట్టుకుని కూర్చోబెట్టి, నేనే లేపేదాన్ని. ఆ కాసేపూ అమ్మ నా మొహం చూసేది కాదు. కొత్త ఇంట్లో తలుపేసుకుని తన పని తాను చేసుకోగలిగితే చాలంది. ఇంటి గురించి ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకే ఆ బాత్రూము ప్లాను ఇంజనీరుకి వదల్లేదు. స్కూలు నుంచి సుద్దముక్క తెచ్చి నేలమీద నేనే గీశాను. పడమటి గోడకి కమోడ్, దాని ముందు కాలు చాపుకోవడానికి జాగా, ఆ తరవాత బేసిన్, అటు చివర స్నానం. కమోడ్ ఉండేచోట ప్లాస్టిక్ కుర్చీ వేసి అమ్మని కూర్చోబెట్టాను. కాలు హాయిగా చాచింది. ఎలా ఉందని అడిగితే బాగుందంది, అదీ గొణిగినట్టు. నా తెలివికి నేను మురిసిపోతూ అది పట్టించుకోలేదు.

వాస్తు సంగతి నా బుర్రలోకే రాలేదు. మేం క్రైస్తవులం. పునాదికి మా పాస్టరుగారు, మేం అయ్యగారంటాం, వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఇక దిక్కులతో మాకేం పని? మా స్కూల్లో ఒక టీచరుగారు వాస్తు కుదరలేదని కట్టిన మెట్లు పడగొట్టించుకుంటే, స్టాఫ్‌రూములో ఆవిణ్ణి ఏడిపించుకు తిన్నదాన్ని నేనే.

పరీక్షల పనిలో పడి కొన్నాళ్ళు అటు వెళ్ళలేదు. వెళ్ళేసరికి కమోడ్ పైపు అమ్మ గది గోడవైపు, దక్షిణానికి వేసేసి ఉంది. అంటే కమోడ్ సందుకి అడ్డంగా, ఉత్తరం ముఖంగా వస్తుంది. కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. బాగా వంగే నా మోకాళ్ళకే ఎదుటి గోడ అడ్డొచ్చేలా ఉంది. ఒళ్ళు మండిపోయింది. పనివాళ్ళందరూ చూస్తుండగా మేస్త్రిగారిని కడిగేశాను. వాస్తుకి కమోడ్ తూర్పుకి చూడకూడదనే కదండీ ఇదంతా అన్నాను. బుర్రా భక్తీ రెండూ లేనివాళ్ళు నమ్మేది మా ఇంట్లో ఎందుకండీ అన్నాను.

"ఆయ్, మార్చేద్దామండి," అన్నారాయన. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టారు. నేను వదిలితేనా? పేరు చెప్పేదాకా పని సాగదన్నాను.

ఆ రోజు అమ్మ కూడా నాతో వచ్చి వరండాలో కూర్చుంది. గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ బాత్రూము గుమ్మం దాకా వచ్చింది.

"ఆయన్నేం అనకే. నేనే చెప్పేను."

పనివాళ్ళు తలలు దించేసుకున్నారు. సండేస్కూల్లో ఎంతమంది పిల్లలకో వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరిమధ్యా దోషిలా నిలబడింది. అలా నిలబెట్టింది నేను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది. నాన్నగారు ఉండగా అమలాపురంలో మేం అద్దెకున్న ఇంట్లో కమోడ్ తూర్పు ముఖంగా ఉండేది. నాన్నగారు గుండెపోటుతో ఆ ఇంట్లోనే పోయారు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఇంటిగలావిడ అమ్మని పక్కకి పిలిచి, అది అలా ఉన్న ఇంట్లో మగమనిషి నిలవడమ్మా, ముందే చెబుదామనుకున్నాను అందిట. ఆ మాట అమ్మ ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గు.

"నమ్మకూడదని తెలుసే. ఎంత ప్రార్థన చేసినా బుర్రలోంచి పోలేదు. నా కాలిదేముంది, నువ్వు పట్టుకుంటావు. అల్లుడుగారు బాగుండాలి."

తాను అడిగిన ఆ ఒక్కటీ నా పసుపుకుంకాల కోసం వదిలేసుకుంది, నేనేమో నలుగురిలో బుర్రా భక్తీ లేదన్నాను. ఛీ, ఏం చదువు నాది, ఏం నోరు నాది అనిపించింది. ఇల్లు చేరేదాకా ఆవిడవైపు తిరగడానికి మొహం చెల్లలేదు.

మర్నాడు మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళి, నిన్న నోరు జారానండి అన్నాను. కమోడ్ ఉన్నచోటే ఉంచమన్నాను. ఎదుటి గోడకి అవతల మెట్ల కింద ఖాళీయే కదా, అమ్మ కాలు పట్టేంత మేర గోడ తీసి గూడు కట్టమన్నాను. మా ఆయన ఇదేం ప్లానని నవ్వితే, ఫ్యాషనన్నాను.

గృహప్రవేశం ప్రార్థనకి సంఘంలోవాళ్ళూ మా స్కూలువాళ్ళూ వచ్చారు. అయ్యగారు ఇల్లంతా తిరిగి చూస్తూ అమ్మ బాత్రూము ముందు ఆగారు. ఇంత పొడుగు జాగా ఉండగా కమోడ్ అడ్డంగా పెట్టి, గోడకి బొక్క పెట్టేరేంటమ్మా అని అడిగారు. మెట్లు పడగొట్టించుకున్న టీచరుగారు ఆయన వెనకే ఉన్నారు. ఆవిడకి చూడగానే అర్థమైపోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వాస్తు చూసేనండి, అయ్యగారూ. నేనే," అన్నాను.

టీచరుగారు పైటచెంగు సర్దుకుంటూ నవ్వు ఆపుకున్నారు. ఆపుకోకపోయినా నాకు అనడానికేం లేదు. అయ్యగారు కళ్ళు మూసుకోమని అందరికీ చెప్పి, ఈ బిడ్డ విశ్వాసాన్ని బలపరచమని గట్టిగా ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ గొంతు వినపడలేదు.

అందరూ భోజనాలకి కదిలాక అమ్మ బాత్రూములోకి వెళ్ళింది. అలవాటుకొద్దీ నేనూ వెనకాలే వెళ్ళాను. నా మొహం మీదే తలుపేసి గడియ పెట్టుకుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అక్కడే ఉన్నావా?" అంది లోపల్నుంచి.

ఉన్నానన్నాను.

"వెళ్ళవే," అంది.