పన్ను పీకించుకున్న నాటి పాలు

ఈ సంగతి ఇంతకు ముందే రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాత రాకపోవడం. పుట్టింట్లో నేను పెద్దదాన్ని. నా తర్వాత పుట్టిన వాళ్లను చంకనెత్తుకుని మేకల వెంట తిరిగాను. బడి మా ఊళ్లోనే ఉండేది. మధ్యాహ్నం పూట దాని గోడ నీడన మేకలు పడుకునేవి కాబట్టి, లోపలి పిల్లలు చెప్పే ఎక్కాలన్నీ వినివిని నాకు నోటికి వచ్చాయి. పలక మీద రాసి చూపిస్తే మాత్రం ఏది ఏదో తెలిసేది కాదు. అరవై దగ్గర పడ్డాక, పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారంటే వెళ్లి కూర్చున్నాను. ఒక్క ‘ఖ’ రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

రెండో కారణం మా అత్త. ఈ విషయం ఎవరికీ చెప్పొద్దని ఆమె నా దగ్గర మాట తీసుకుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆమె దేన్ని తలవంపు అనుకుందో, అదే ఆమె గురించి నేను చెప్పుకోదగ్గ మంచి అని ఇప్పుడు నాకు తోస్తుంది. అందుకని మాట తప్పుతున్నాను.

అది యాభైల చివర. మా అత్తగారిది నల్లమాడ వైపు చిన్న ఊరు. వరుసగా రెండో ఏడు వానలు లేవు. వేసిన శెనక్కాయ మొలిచిన చోటే మాడిపోయింది. ఆవు వట్టిపోయింది. నాకు ఇరవై కూడా నిండలేదు, ఒళ్లో ఐదు నెలల కొడుకు.

కింది దవడలో కుడివైపు పన్ను ఒకటి పుచ్చి, కాన్పుకు ముందు నుంచే సలుపుతూ ఉండేది. లవంగం పెట్టాను, పొగాకు పెట్టాను. ఎవరో చెబితే జిల్లేడు పాలు ఒక చుక్క వేసుకున్నాను. చిగుళ్లు బొబ్బలెక్కాయి గాని పన్ను ఊరుకోలేదు. ఆ తర్వాత చెంప వాచింది. రాగి సంగటి నమలక్కరలేదు, మింగితే చాలంటారు. మింగడానికైనా నోరు తెరుచుకోవాలి కదా. తిండి తగ్గేసరికి పాలు తగ్గాయి. బిడ్డ లాగి లాగి, ఏమీ రాక, తల వెనక్కి వాల్చి ఏడ్చేవాడు. నా నొప్పి ఎన్నాళ్లయినా ఓర్చుకునేదాన్నేమో. ఆ ఏడుపు విన్నాక పన్ను పీకించుకుంటానని నేనే మా ఆయనతో అన్నాను.

కదిరికి వారానికి ఒకనాడు పళ్ల డాక్టరు వస్తాడని ఆయన కనుక్కొని వచ్చాడు. అత్తకు మాత్రం అది నచ్చలేదు. పన్ను పీకేముందు చిగుళ్లలో సూది వేస్తారని, దాంతో నోరంతా మొద్దుబారిపోతుందని ఆమె విని ఉంది.

“ఆ మందు పాలల్లోకి దిగితే బిడ్డ నాలిక కూడా మొద్దుబారుతాది. రేపు వానికి మాట రాకపోతే ఏం చేస్తావు మే?” అంది.

పన్ను ఉంచుకుంటే పాలు ఉండవు, పీకించుకుంటే ఉన్న పాలు విషమవుతాయేమో. ఆ వారమంతా ఇదే నా తలలో తిరిగింది. చివరికి ఒకటి అనుకున్నాను. సూది వద్దని చెప్పి, ఊరికే పీకమని డాక్టరును అడుగుతాను.

బిడ్డను ఆసుపత్రి గడప తొక్కనివ్వనని అత్త పట్టుబట్టింది. అక్కడ ఎన్ని రోగాలు తిరుగుతుంటాయో అని ఆమె భయం. మేకపాలు కాచి, నీళ్లు కలిపి, తానే పట్టిస్తానంది. తెల్లవారుజామున కొడుకుకు ఉన్న పాలు ఇచ్చి, మా ఆయన వెంట బస్సు దారి దాకా నడిచాను.

డాక్టరు నడివయసు మనిషి, సన్నగా ఉన్నాడు. కుర్చీలో కూర్చున్నాక పన్ను చూపించకముందే నా మాట చెప్పాను. ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడని, సూది లేకుండా పీకమని, ఎంత నొప్పయినా అరవనని. ఆయన నవ్వుతాడనుకున్నాను. చేతిలో ఉన్న పనిముట్టు పళ్లెంలో పెట్టి, ముక్కాలి పీట లాక్కొని నా ఎదురుగా కూర్చున్నాడు.

“నువ్వు ఓర్చుకుంటావమ్మా, నా చెయ్యి ఓర్చుకోదు,” అన్నాడు. “ఈ మందు ఆ దవడ దగ్గరే పనిచేస్తుంది. నీ పాలకేమీ కాదు. ఇంటికి పోయి బిడ్డకు పాలివ్వు.”

తర్వాత జరగబోయేదంతా ముందే చెప్పాడు. సూది తేలు కుట్టినట్టు ఉంటుందని, కాసేపటికి పెదవి నాది కానట్టు అనిపిస్తుందని. పీకేటప్పుడు నొప్పి తెలియదు, లాగడం తెలుస్తుందని. “చప్పుడొకటి వస్తుంది. దానికి భయపడొద్దు,” అన్నాడు. చదువుకున్న మనిషి ఎదురుగా కూర్చొని నాకు ఒక విషయం విడమరిచి చెప్పడం అదే మొదటిసారి. అప్పటిదాకా నాకు అందరూ చెయ్యమనో వద్దనో చెప్పినవాళ్లే.

ఆయన చెప్పినట్టే జరిగింది. చప్పుడు మాత్రం చెప్పినదానికంటే పెద్దది. బిరుసు నేలలో దిగిన మేకలు కట్టే గూటాన్ని అటూ ఇటూ కదిలించి పెరికితే ఎలా ఉంటుందో, అలాంటి చప్పుడు నా తలలోనే వచ్చింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. పళ్లెంలో టంగుమని పడినప్పుడు గాని అయిపోయిందని తెలియలేదు. కింద రెండు వేర్లున్న పన్ను. అన్ని నెలలు నన్ను ఏడిపించినది చింతగింజంతే ఉంది.

దూది ముద్ద పెట్టి గట్టిగా కరిచి పట్టుకోమన్నాడు. ఉమ్మొద్దు, ఉమ్మితే నెత్తురు నిలవదు. ఈ పూట పుక్కిలించొద్దు. వేడివేవీ వద్దు, చల్లారిన గంజి తాగు. రేపు పొద్దున ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో నెమ్మదిగా పుక్కిలించు. రాసుకోవడం రాదు కాబట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క వేలు మడుచుకున్నాను. అది చూసి, ఆయన మళ్లీ మొదటి నుంచి అన్నీ చెప్పాడు.

బస్సులో కండక్టరు ఎక్కడికని నన్నే అడిగాడు. జవాబు చెప్పబోతే చొంగ కారింది. అది కారినట్టు నాకే తెలియలేదు, మా ఆయన తుండుగుడ్డ తీసి ఇచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం సగం దారిలో, “వారానికొక పన్ను పీకిచ్చే పనైతే ఇల్లు ఎంత నెమ్మదిగా ఉంటాదో,” అన్నాడు. మోచేత్తో పొడిచాను. పొద్దుటి నుంచి నాకంటే ఎక్కువ భయపడింది ఆయనే.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. బిడ్డ కడుపు నిండుగా నిద్రపోతున్నాడు. సూది వేశారా అని అత్త అడిగింది, తల ఊపాను. అయితే తెల్లారేదాకా బిడ్డకు పాలివ్వొద్దంది. డాక్టరు చెప్పింది నేను చెప్పలేదు. నోరు తిరగక అని అప్పుడు అనుకున్నాను గాని, నిజం అది కాదు. పెదవి తాకి చూసుకుంటే ఇంకా ఎవరిదో పెదవిలా ఉంది. నా బిడ్డ నోరు ఇలా అయితేనో అనిపించింది. అంత ఓపికగా చెప్పిన మనిషి మాట నేను నమ్మలేదు. ఆ కొడుకు తర్వాత ఎంత మాటకారి అయ్యాడంటే, ఇప్పుడు వాడి నోరు మూయించడం వాడి పెళ్లాం వల్ల కూడా కాదు.

గంజి తాగడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు మేకపాల చెంబు కనిపించింది. పొద్దున కాచినవి దాదాపు కాచినట్టే ఉన్నాయి, మీగడ ఒక అంచునే చెదిరింది. మరి వీడు తాగిందేమిటో అర్థం కాలేదు.

దీపాలు పెట్టేవేళ బిడ్డ లేచి ఏడ్చాడు. అత్త నన్ను కూర్చోమని చెప్పి, వాణ్ని ఎత్తుకుని పెరటి వైపు పోయింది. ఎంతకూ తిరిగి రాలేదు. ఏడుపు ఆగిపోయింది. చెంప పట్టుకుని నేనూ లేచి వెళ్లాను.

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య రాళ్ల గోడ, అందులో ఒక మనిషి పట్టేంత సందు. పక్కింటివాళ్లు దూదేకులవాళ్లు. సాయిబులే అయినా ఇంట్లో తెలుగే. ఆయన పరుపుల దూది ఏకడానికి ఊళ్లు తిరిగేవాడు. ఆమె నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, ఎనిమిది నెలల కూతురు ఉండేది. నేను అక్కా అనేదాన్ని. అత్త ఆమెతో మాట్లాడేది గాని, దూరం పాటించేది. వాళ్ల చీర గాలికి ఎగిరి మా దండెం మీద పడితే నీళ్లు చల్లి గాని తీసేది కాదు.

సందులోంచి చూశాను. పక్కింటి అక్క రాతి మీద కూర్చొని నా కొడుక్కి పాలిస్తోంది. తన పాలు వాడికి పోతున్నాయని కూతురు పేచీ పెడుతుంటే, ఆ పిల్లను చంకనెత్తుకుని మా అత్త అటూ ఇటూ తిరుగుతూ ఊరడిస్తోంది. దూదేకులవాళ్ల పిల్ల మా అత్త చంకలో ఉంది, కొంగు చివర నోట్లో పెట్టుకుని ఉంది.

నన్ను చూసి అత్త ఆగిపోయింది.

“మేకపాలు నోట్లో పోస్తే ఉమిసేసినాడు. గొంతు పోయేటట్టు ఏడుస్తాంటే నేనేం చేసేది? ఊపిరి యాడ నిలిచిపోతాదో అని ఎత్తుకొచ్చినా,” అంది. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, “చూసినావు గదా. ఎవరికీ చెప్పొద్దు,” అంది.

“ఎవరికి చెప్తాదిలే పెద్దమ్మా, నోరు తెరిచేకే కాదు ఆయమ్మకు,” అంది అక్క. తర్వాత నా వైపు తిరిగింది. “మా ఇండ్లల్లో ఒక తల్లి పాలు తాగితే వాళ్లు అక్కాతమ్ముళ్లే మే. ఇంగ నా కూతుర్ని నీ కొడుక్కి ఇచ్చేకి కాదు.”

“మేము అడిగినామా?” అంది అత్త.

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే దవడ లాగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నొప్పికేనని వాళ్లిద్దరూ అనుకుంటే మేలని ఊరుకున్నాను. వాడు పొద్దుటి నుంచి ఆమె పాలే తాగాడని అప్పుడు తెలిసింది. ఆ ఏడు ఆమె తిన్నది కూడా మేం తిన్న సంగటే, మా కంటే ఒక ముద్ద తక్కువే. ఎవరూ ఆమెను బతిమాలలేదు. మా అత్త సందు దగ్గర నిలబడి ఏమీ అడగలేక బిడ్డను చూపించిందట. అంతే.

మరునాడు పొద్దున లేచి, గుర్తు పెట్టుకున్న ప్రకారం ఉప్పునీళ్లతో పుక్కిలించాను. మొదట కొంచెం ఎర్రగా వచ్చింది, తర్వాత తేటనీళ్లు. అన్నాళ్లలో మొదటిసారి చెంప మీద చెయ్యి లేకుండా నిలబడ్డాను. ఉన్నవి కొద్దిపాటి పాలే అయినా, ఒక పగలూ రాత్రీ నిలిచిపోయి రవిక తడిసిపోయింది. అత్త చెప్పిందని ముందు వచ్చినవి పిండి పారబోశాను. తర్వాత కొడుకును పెట్టుకుంటే ఒక వైపు తాగి చాలించాడు. రెండో వైపు రాయిలా ఉంది.

గోడ అవతల పక్కింటి పిల్ల ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు. నిన్న తన వాటా తాగింది నా కొడుకు. వాణ్ని అత్త చేతికిచ్చి సందులోంచి అవతలికి వెళ్లాను. దవడ ఇంకా బిగిసే ఉంది కాబట్టి ఊరికే చేతులు చాపాను. అక్క నా వైపు చూసింది, నా వెనక మా అత్త వైపు చూసింది. అత్త బిడ్డను భుజాన వేసుకుని ఇంట్లోకి పోయింది.

నేను ఆ రాతి మీద కూర్చొని పిల్లను ఒళ్లోకి తీసుకున్నాను. దానికి అప్పటికే కింద రెండు పళ్లు వచ్చి ఉన్నాయి. కొత్త మనిషినని నన్ను కాసేపు తేరిపార చూసి, ఒకసారి కొరికి, ఆ తర్వాత కుదురుగా తాగింది.