చప్పుడు ఆగిన ట్యాపెట్లు

పాత కార్లు బాగుచేసే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. బండి గేటు దాటి వస్తుండగానే, బానెట్ ఎత్తకుండానే జబ్బు చెప్పేసేవాడు. దేవుడు తనకు చదువు ఇవ్వలేదుగానీ చెవులిచ్చాడని ఆయన నమ్మకం. పొద్దున్నే షట్టరు ఎత్తేముందు ఆ సంగతి తలుచుకుని ఓ దణ్ణం పెట్టుకునేవాడు.

అదే షెడ్డులో ఆయన బామ్మర్దీ పనిచేసేవాడు. మనిషి మంచివాడు. ఎండ తిరిగేకొద్దీ బావ స్టూలును నీడలోకి జరిపేవాడు. టీ వస్తే మొదటి గ్లాసు ఆయనకే అందించేవాడు. అలాంటివాణ్ణి చూసి కుళ్లుకోవడం ఎంత కష్టమో మేస్త్రికే తెలుసు. అయినా కుళ్లుకునేవాడు.

కారణం నర్సమ్మగారి కారు. ఇంటింటికీ వెళ్లి పురుళ్లు పోసిన ఆవిడ పాత కారు ఏళ్ల తరబడి మేస్త్రి చేతిమీదే నడిచింది. ఆయన నడుం పట్టేసి మంచాన పడ్డప్పుడు దాన్ని బామ్మర్ది చూసుకున్నాడు. మేస్త్రి లేచి వచ్చేసరికి లోకం మారిపోయింది.

"ఏం చేశాడోగానీ మీ బామ్మర్ది, టకటకలాడే బండి ఇప్పుడు పిల్లిలా నడుస్తోందయ్యా. ఆ చప్పుడు దాని పుట్టుకతోనే వచ్చిందనుకున్నా ఇన్నాళ్లూ," అంది నర్సమ్మ.

"వాడి హస్తవాసి అమ్మా," అన్నాడు మేస్త్రి. 

ఇంట్లో అన్నం దగ్గర భార్య అంది: "మా తమ్ముడికి నర్సమ్మగారు కొత్త చొక్కా కొనిచ్చారట."

"ఇస్తారు. రేపు కారు కూడా రాసిచ్చేస్తారు."

"మీకెందుకండీ అంత మంట?"

"మంటేం లేదు. కూర కారంగా ఉంది."

"కూరలో కారం వెయ్యడమే మరిచిపోయానండీ ఇవాళ," అంది ఆవిడ.

ఓ రోజు నర్సమ్మ కారు తెచ్చి షెడ్డులో పెట్టింది. నడవలేని అక్కను కంటి ఆసుపత్రికి తీసుకురావడానికి మర్నాడు కొండ ఎక్కాలిట. బండి లోపలికి వస్తుంటేనే మేస్త్రి చెవులు రిక్కించాడు. నిజంగానే వాల్వులను తోసే ట్యాపెట్ల చప్పుడు లేదు. కానీ ఆ ఇంజన్‌కు కాస్త టకటక ఉండి తీరాలి. అనుమానంతో డిక్కీ తెరిచాడు. అందులో మందు డబ్బా కనిపించింది.

ఒకప్పుడు పెట్రోలులోనే సీసం కలిపేవారు. వాల్వు కొట్టుకుంటున్నా అది ఆనే సీటు అరగకుండా ఆ సీసమే మెత్తలా కాపాడేది. సీసం తీసేశాక ఇలాంటి పాత ఇంజన్లకు ట్యాంకు నింపినప్పుడల్లా దాని బదులు మందు పోయాలి. డిక్కీలో ఉన్నది అది కాదు, కార్బురేటర్ శుభ్రం చేసే మందు. డబ్బా రంగు మాత్రం ఒకటే. సీట్లు అరిగి, వాల్వులు లోపలికి దిగి, వాటికీ ట్యాపెట్లకూ మధ్య సందు పూడుకుపోయింది. అందుకే ఆ నిశ్శబ్దం. ఇలాగే కొండెక్కితే వాల్వులు సరిగ్గా మూసుకోక కాలిపోతాయి.

ముందు మేస్త్రికి కలిగింది సంతోషమే. కొండ మీద ఆగనీ, ఎవరి చేయి ఎలాంటిదో ఆవిడకే తెలుస్తుంది అనుకున్నాడు. కుళాయి దగ్గరికెళ్లి తీరిగ్గా చేతులు కడుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన స్టూలు నీడలో ఉంది. దాని మీద కూర్చోలేకపోయాడు. విన్నది చెప్పకుండా దాచుకోవడానికా దేవుడు తనకు ఈ చెవులిచ్చింది?

"ఒరేయ్, ఇలా రా. ఏంటీ డబ్బా?"

"సీసం మందు బావా. నువ్వు పోసేదేగా."

"చదివే కొన్నావా?"

"రంగు చూసి తెచ్చా."

"రంగు చూసి చొక్కాలు కొనుక్కుంటారురా, మందులు కాదు."

సంగతి విన్నాక బామ్మర్ది ముఖం పాలిపోయింది. "అమ్మగారికి చెప్పేస్తావా?"

"ముందు సందు కొలిచే గేజి తే," అన్నాడు మేస్త్రి.

అదృష్టం, అరుగుదల ఇంకా చేయి దాటలేదు. ఇంజన్ చల్లారాక ఇద్దరూ వంగి ట్యాపెట్ల సందు సెట్ చేశారు, ట్యాంకులో అసలు మందు పోశారు. సాయంత్రం నర్సమ్మ వచ్చి బండి స్టార్ట్ చేసింది. టకటకలు మళ్లీ మొదలయ్యాయి.

"మళ్లీ నువ్వు చెయ్యి పెట్టావా మేస్త్రీ?" అంది ముఖం చిట్లించి.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. బామ్మర్దే ముందుకొచ్చాడు. "ఆయన చెయ్యి పెట్టబట్టే రేపు కొండెక్కగలరమ్మా. నేనే పొరపాటున మందు మార్చి పోశాను. ఆ చప్పుడు ఉండాలి. బావ చెవి కాబట్టి పట్టుకుంది."

నర్సమ్మ వాడివైపు తిరిగింది. "తప్పు ఒప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు బాబూ," అంటూ వాడి భుజం తట్టి వెళ్లిపోయింది.

చెవి తనది, తప్పు వాడిది, మెప్పు మళ్లీ వాడికే. అయినా వాడి స్థానంలో ఉంటే తన నోట ఆ మాట వచ్చేది కాదని మేస్త్రికి తెలుసు. తనకు చెవులిచ్చిన దేవుడు ఆ నోరు మాత్రం వాడికి ఎందుకిచ్చాడా అని కుళ్లుకుంటూ, గేజి తుడిచి పెట్టెలో పెట్టాడు.