ఆలూరు మిద్దె మీద ఎండ చూసిన రోజు

పదకొండేళ్లు ఒకరి కింద మిద్దెల మీద సోలార్ పలకలు బిగించాను. ఈ చలికాలంలో ఆ ఉద్యోగం మానేసి, పలకలతో పాటు కరెంటు బండ్లకు చార్జర్లు పెట్టే సొంత పని మొదలుపెట్టాను. మొదటి పిలుపు ఆలూరు నుంచి వచ్చింది. పూలతోట ఉన్న యాదమ్మ గారు తన షెడ్డు మీద పలకలు, పక్కన ఆటోలకు చార్జర్ కావాలన్నారు.

ఉదయం ఆరున్నరకు లంగర్‌హౌస్‌లో కరెంటు స్కూటర్ ఎక్కాను. మొయినాబాద్ దాకా పొగమంచే. నేను వెళ్తున్నకొద్దీ ఎవరో ముందుకు రోడ్డు పరుస్తున్నట్టుంది. బండికి చప్పుడు లేదు కాబట్టి పిట్టల మాటలన్నీ వినిపించాయి. మొయినాబాద్‌లో నలభై రూపాయలకు ఇడ్లీ తింటుంటే, కరెంటు ఆటో నడిపే నర్సింలు మాట కలిపాడు. నేను వెళ్తున్న పని చెప్పాను.

"ఆలూరుల చార్జర్ పెడ్తవా అక్కా? జర జల్దీ పెట్టు. చేవెళ్ల దాటే కిరాయి వస్తే వద్దంటున్న. నడుమ బండి ఆగితే ఎట్ల?"

ఆ మాటతో హుషారొచ్చింది. చేవెళ్ల మీదుగా ఎనిమిదిన్నరకు ఆలూరు చేరాను. మంచు విడిపోయి, చామంతి తోట పసుపుపచ్చగా మెరుస్తోంది. నిచ్చెన వేసుకుని షెడ్డెక్కి చూశాను. పాత సిమెంటు రేకులు, సన్నటి పగుళ్లు. పలకల బరువు మోయవు. బిగించేస్తే ఈ ఏడాదికి ఎవరికీ తెలియదు. కానీ కింద మనుషులు కూర్చుని పూలు కడతారు.

"అవ్వా, ఈ షెడ్డు మీద నేను పెట్టలేను. గాలివానకు కూలుతుంది" అన్నాను, పని పోయినట్టే అనుకుంటూ.

యాదమ్మ గారు రేకుల వంక చూశారు. "ఇంతకుముందు ఒకాయన వచ్చి ఏం ఫికర్ లేదన్నడు బిడ్డా. పైకి ఎక్కి సుత చూడలే. రోడ్డు మీద మా ఇల్లున్నది, స్లాబు మిద్దె. అది చూస్తవా?"

మిద్దె గట్టిగా ఉంది. పది నుంచి నాలుగు దాకా అక్కడే కూర్చుని, నీళ్ల ట్యాంకు నీడ జరిగినచోటల్లా సుద్దముక్కతో గీతలు గీశాను. మధ్యలో ఆమె జొన్నరొట్టె, వంకాయ కూర పంపారు. తిన్నాక సగం నిద్రలో, మిద్దె మెల్లగా తేలుతున్నట్టనిపించింది. నాలుగింటికి ఆమె పైకొచ్చి, నీడ పడని జాగా చుట్టూ నడిచారు.

"ఇగ ఈ జాగ నీదే. ఉగాది కాంగనే పని షురూ చెయ్" అన్నారు.

పదకొండేళ్లలో ఎన్ని మిద్దెలెక్కానో. బిగించడం, దిగిపోవడమే. ఒక మిద్దె మీద ఎండ ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో పూర్తిగా చూసింది ఆ రోజే. వద్దని చెప్పడానికి అంత భయపడ్డదీ, చెప్పాక అంత తేలికపడ్డదీ ఆ రోజే.

ఆలూరులో నా చార్జర్ వచ్చేదాకా, కరెంటు బండి మీద అటు వెళ్లేవాళ్లకు ఒక మాట: ఫోన్ మ్యాపులో దారిలో చార్జర్ ఉన్నట్టు కనిపించినా నమ్మి బయలుదేరకండి. ముందు అక్కడికి ఫోన్ చేసి, పనిచేస్తోందో లేదో అడగండి.