బావ పెట్టిన రంగులు

నాకు ఎరుపూ ఆకుపచ్చా వేరువేరుగా కనిపించవు. రెండూ వానకి తడిసిన గోనెసంచి లాగే ఉంటాయి. పెద్దయ్యేదాకా ఈ సంగతి నాకే సరిగ్గా తెలియదు. రైల్వేలో ఇంజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి మెడికల్‌కి వెళితే, డాక్టరు చుక్కలున్న పుస్తకం తెరిచి అందులో అంకె చదవమన్నాడు. చుక్కలున్నాయి. అంకె లేదు. బరంపురం తిరిగొచ్చే రైల్లో మా నాన్న ఒక్క మాటే అన్నాడు. "ఇంట్లో తప్ప ఇంకెక్కడా సెప్పకు."

ఇంట్లో అంటే మా బావ కూడా. అక్క మొగుడు. ఊళ్ళోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడరు. ఖాళీగా తిరుగుతున్న నన్ను తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టాడు. "పని సూసి పర్మనెంట్ సేత్తాను," అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా ఇల్లంతా ఆయనకి దణ్ణాలు పెట్టింది.

బావ గురించి చెప్పాలంటే ముందు వేళాకోళం గురించి చెప్పాలి. మా వైపు బావకీ బావమరిదికీ మధ్య ఏ మాటైనా చెల్లుతుంది. మొహాన పేడ కొట్టినా నవ్వాలి. పేరుకి బావమరిది కూడా తిరిగి అనొచ్చు. జీతం బావ చేతిలో ఉన్న బావమరిది ఏమంటాడు? పళ్ళికిలిస్తాడు. నేనూ ఇకిలించాను.

అక్క కొడుకు బారసాల నాడు మా అమ్మ, "మేనమామ పోలిక, అదృష్టవంతుడవుతాడు," అని మురిసిపోయింది. బావ ఊరుకుంటాడా? "ముక్కు కావాలంటే మీవోడిది తీసుకో అత్తా. కళ్ళు మాత్రం నావి," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఏ చుట్టం వచ్చినా, మజ్జిగ ఇచ్చినట్టు ఆ మాట కూడా ఇచ్చేవాడు.

ఆఫీసులో నా పని, ఇతరులు మార్చిన కోడ్‌ని పాతదానితో పోల్చి తప్పులుంటే చెప్పడం. కోడ్ తెరిచి చూసే ఎడిటర్లో తీసేసిన లైను వెనక ఎరుపు, కొత్తగా చేర్చిన లైను వెనక ఆకుపచ్చ వస్తుంది. నాకు రెండూ గోనెసంచే. లైను పక్కన వెంట్రుక మందాన ఉండే ప్లస్సునీ మైనస్సునీ వెతుక్కుంటూ నెట్టుకొచ్చేవాణ్ణి. అందరూ టీకి లేచే వేళకి నేను సగంలో ఉండేవాణ్ణి. "ఇలాగైతే పర్మనెంట్ కష్టమేరా," అనేవాడు బావ, ఎందుకో తెలిసి కూడా.

ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక సెట్టింగులు తెరిచాను. ఎంత వెతికినా రంగులు మార్చే మీట కనబడలేదు. చివరికి సెట్టింగుల ఫైల్లో చేత్తో రాసుకోవాలని తెలిసింది. అక్కడ రంగుకి పేరు అక్కర్లేదు, ఆ రంగుకుండే ఆరక్షరాల నంబరు ఇస్తే చాలు. రంగుల పేర్లు చెప్పలేనివాడికి అంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? తీసేసినదానికి పసుపు, చేర్చినదానికి నీలం రాసి సేవ్ చేశాను. ఇది పోయింది, ఇది వచ్చింది అని తెరే చెప్పేస్తోంది. ఇంత తేలికైన పనికా ఇన్నాళ్ళూ కళ్ళు పొడుచుకున్నాను అని నాకు ఏడుపొచ్చింది. రేపు అందరికన్నా ముందు టీకి లేస్తాననుకుంటూ ఇంటికెళ్ళాను.

నాకు తెలియనిదేమిటంటే, ఆఫీసులో అందరి ఎడిటర్లూ ఒకే లాగిన్ మీద నడుస్తున్నాయి. అది బావ పెట్టిన పద్ధతి. కొత్తవాడొస్తే సెట్టింగులన్నీ వాటంతటవే దిగిపోతాయని. ఒక తెర మీద మార్చింది అన్ని తెరలకీ పాకుతుంది.

పొద్దున్నే దిగపహండి నుంచి బస్సులో వచ్చే ఒరియా కొలీగు తన కంప్యూటర్ తెరిచి, "కియె కొలా రే?" అని అరిచాడు, ఎవడ్రా చేసింది అని. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఎవరి తెర చూసినా నీలం, పసుపు. నేను దాచుకున్నదంతా గది నిండా వెలుగుతోంది. బావ వచ్చి ఒక్క చూపు చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఇంకెవుడు, మా బామ్మర్ది! ఈడికి ఎరుపేదో పచ్చేదో తెలీదు. రైలింజనెక్కి జనాల్ని సంపుదామనుకున్నాడు, దేవుడు అడ్డుపడ్డాడు."

అందరూ నవ్వారు. నాన్న ఇంట్లో దాచమన్నదాన్ని బావ బజార్లో పెట్టేశాడు.

నాకు వేరే లాగిన్ ఇమ్మని బతిమాలాను. "ఒక్కడి కళ్ళ కోసం ఆఫీసు పద్ధతి మార్సాలేటి?" అన్నాడు. అనడమే కాదు, ఎరుపునీ ఆకుపచ్చనీ ప్రాజెక్టు సెట్టింగుల్లో రాసిపెట్టేశాడు. మన సెట్టింగు మీద ప్రాజెక్టు సెట్టింగుదే పైచేయి. నా ఫైల్లో నేనేం రాసుకున్నా, ప్రాజెక్టు తెరవగానే మళ్ళీ గోనెసంచే.

ఆ రోజు నుంచి ఆఫీసుకి నేనే వినోదం. టీ బండి దగ్గర రెండు చట్నీలు ముందుపెట్టి ఏది ఎర్రదో చెప్పమనేవారు. కొత్త చొక్కా వేసుకున్నవాడు ముందు నా దగ్గరికే వచ్చేవాడు. అమ్మతో చెబితే, "బావన్నాక ఆ మాత్రం ఆడడేటి? మనసులో ఎట్టుకోకు," అంది. మనసులోనే పెట్టుకున్నాను. ఇంకెక్కడ పెట్టుకోను?

బావకి అదీ చాల్లేదు. ఇంట్లో, అప్పుడప్పుడే రంగుల పేర్లు నేర్చుకుంటున్న కొడుకు క్రేయాన్ల డబ్బా తెచ్చి, పేర్లున్న కాగితాలు ఒలిచేసి, ఒక్కొక్కటే నా ముందు పట్టేవాడు. నేను తప్పు చెబితే కొడుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మామ తప్పు!" అని చప్పట్లు కొట్టేవాడు. వాళ్ళ నాన్నని చూసి వాడూ కొట్టేవాడు. పాపం, వాడికి నేనంటే ప్రాణం.

ఒక ఆదివారం చికిటి నుంచి బావ పెదనాన్నా పెద్దమ్మా వచ్చారు. భోజనాలయ్యాక వాళ్ళకి తమాషా చూపించాలని బావ డబ్బా తెప్పించాడు. "ఈపాలి నానడగను. నా కొడుకే అడుగుతాడు. తప్పో రైటో కూడా ఆడే సెప్తాడు."

వాడు గర్వంగా లేచి, డబ్బాలో వెతికి ఒకటి తీశాడు. "ఇదేటి మామా?"

"బ్రౌను."

బావ నోరు నవ్వడానికి అప్పటికే తెరుచుకుంది.

"రైట్!" అన్నాడు వాడు.

"సరిగ్గా సూడరా. పచ్చ కదేటి?"

వాడు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "కాదు నాన్నా. బ్రౌనే. మామే రైటు."

పెదనాన్న నవ్వబోయి ఆగాడు. వక్కల పళ్ళెం పట్టుకొచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. బావ ఇంకో క్రేయాన్ తీసి కొడుక్కి చూపించాడు. ఇంకోటి. ఇంకోటి. "ఇదేట్రా? మరిది?" అంటూంటే గొంతు పెరుగుతోంది. వాడు భయపడుతూ చెప్పాడు. నేనైతే ఏం చెబుతానో అవే చెప్పాడు.

అక్కడ నోరు మూసుకోవాల్సినవాడు మేనమామ. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నోరు తెరిస్తే పర్మనెంట్ మాట దేవుడెరుగు, రేపు ఆఫీసు గుమ్మం కూడా తొక్కనివ్వడని తెలుసు. అయినా నాకు ఎంత సంతోషం కలిగిందో! పెళ్ళిభోజనం చేసినట్టు కడుపు నిండిపోయింది.

"కళ్ళు కూడా మేనమామవే బావా," అన్నాను. వేళాకోళం కదా, నవ్వుతూనే అన్నాను.

ఎవరూ నవ్వలేదు. బావ అక్కవైపు తిరిగాడు. "మీ ఇంటి రోగం నా కొడుక్కి అంటగట్టేవు," అన్నాడు, పెదనాన్న ముందే. అక్క పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

వాడికి ఏమీ అర్థం కాలేదు. ఎప్పుడూ ఓడిపోయే మామ ఇవాళ గెలిచాడని మాత్రం అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, "ఇంకోటి అడగనా మామా?" అన్నాడు.

"అడగరా," అన్నాను, బావనే చూస్తూ.

వాడు ఇంకో క్రేయాన్ ఎత్తాడు. ఇద్దరం ఒకేసారి చెప్పాం, ఒకే రంగు చెప్పాం. అది తప్పని బావ మొహం చూస్తే తెలిసింది.