మామను నడుమ కూసోబెట్టుకొని

మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. పెండ్లయిన రెండో ఏడు, ఎండాకాలం. మా ఆయన వాకిట్ల మోటర్ సైకిల్ బండి ముందు చక్రం విప్పి బేరింగులు మారుస్తున్నడు. గొర్లకాడికి పోయిన మా మామ ఛాతి పట్టుకొని వచ్చి అరుగు మీద కూలబడ్డడు. అంగీ అంత చెమటతోని తడిసిపోయింది. ఫోన్ చేస్తే అంబులెన్సు దూరంల ఉందన్నరు. ఊర్లె ఉన్న ఒక్క ఆటో పెండ్లికి పోయింది.

"చక్రం లేపి పట్టు" అన్నడు మా ఆయన. పట్టిన. ఇరుసు సగం దాకా పోయి ఆగింది. చక్రం పక్కన పెట్టే బుష్, చిన్న ఇనుప గొట్టం, మరిచిపోయిండు. మళ్ల ఇరుసు గుంజి, బుష్ పెట్టి, నట్టు బిగిస్తుంటే పానా రెండుసార్లు జారింది.

"నిమ్మళంగ చెయ్యి బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నడు మామ.

మామను నడుమ కూసోబెట్టి, నేను వెనుక కూసొని పట్టుకున్న. సగం దారిల మామ తల నా భుజం మీద వాలింది. ముక్కుకాడ చెయ్యి పెట్టి చూస్తే ఊపిరి లేదు.

"బాపు ఎట్లున్నడు?" అని మా ఆయన అడిగిండు.

చెప్తే బండి వదిలేస్తడని భయమైంది. "నిద్రపోయిండు, నువ్వు పోనియ్యి" అన్న. దవాఖాన దాకా మామ జారిపోకుండ రెండు చేతులతోని పట్టుకొనే ఉన్న.

ఆ అబద్ధానికి మా ఆయన నన్ను ఎన్నడూ ఏమనలే. ఆ పొద్దు చక్రం విప్పినందుకు మాత్రం తనను తాను ఇప్పటికీ తిట్టుకుంటడు.