మాస్టారు మూయని దారి

ఒక యంత్రాన్ని తయారుచేసి ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు, దాని లోపలికి ఒక దారి ఉంచాలా, మూసేయాలా? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నా వెంట ఉంది. మాస్టారు పోయారని ఆయన భార్య, అమ్మగారు ఫోన్ చేసిన ఉదయం కూడా అదే ప్రశ్న నా ముందు తెర మీద ఉంది. కొత్త కంట్రోలర్ బోర్డుకు సాఫ్ట్‌వేర్ సిద్ధం చేస్తున్నాను. ‘షెల్ ఏది?’ అని అడిగే వరుస దగ్గర ఆగాను. ఆ వరుసలో చివర ‘ఏదీ వద్దు’ అని కూడా ఉంటుంది. నా వేలు దాని మీదే ఉంది.

“పొద్దున కాఫీ తాగి పడక్కుర్చీలో కూర్చున్నారమ్మా. మళ్లీ లేవలేదు,” అన్నారు అమ్మగారు. తర్వాత ఆవిడే, “నువ్వు తిన్నావా?” అని అడిగారు. తిన్నానని అబద్ధం చెప్పాను.

ఆయన నాకు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పారు. రిటైరయ్యాక గుంటూరులో, మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే తుమ్ములు ఆగని ఒక సందులో చిన్న వర్క్‌షాపు పెట్టారు. మార్టూరు రాతి ఫ్యాక్టరీల్లో గ్రానైట్ దిమ్మల్ని పలకలుగా కోసే కట్టర్లకు కంట్రోలర్లు చేసేవారు. నేను ఇంజనీరింగ్, ఆ పైన ఎంటెక్ చదివి, రెండు కంపెనీల్లో పనిచేసి, ఏ పనీ నాది అనిపించక తిరిగి ఆయన దగ్గరికే చేరాను. “ఎందుకొచ్చావు?” అని అడగలేదాయన. “సోల్డరింగ్ ఐరన్ వేడెక్కింది, చెయ్యి జాగ్రత్త,” అన్నారు.

చదివేవాళ్లలో అందరికీ ఈ పని తెలియకపోవచ్చు కాబట్టి ఒక్క మాట చెప్పాలి. షెల్ అంటే మనం కీబోర్డు మీద కొట్టిన మాటను విని యంత్రం చేత ఆ పని చేయించే చిన్న ప్రోగ్రామ్. మామూలు కంప్యూటర్‌లో అది పెద్దదైనా ఫర్వాలేదు. మా బోర్డులో జాగా తక్కువ. నేను మొదట్లో అలవాటు కొద్దీ బాష్ అనే పెద్ద షెల్ పెట్టబోయాను. మాస్టారు కళ్లజోడు పైకెత్తి చూశారు.

“కొత్తిమీర కట్ట కోసం లారీ వేసుకెళ్తావా అమ్మాయ్?”

చివరికి యాష్ అనే చిన్న షెల్ దగ్గర తేలాం. అంతకన్నా చిన్నది కూడా ఉంది. కానీ పని మధ్యలో కీబోర్డు తీగ ఊడిపోతే మోటారు ఆగిపోవాలన్నది ఆయన పట్టు. ఆ పరీక్షకు మేం రాసుకున్న ప్రోగ్రామ్ యాష్‌లోనే కుదురుగా నిలిచింది. పరీక్ష అంటే నేను ఆదేశం కొట్టాలి, ఆయన చెప్పాపెట్టకుండా తీగ లాగేయాలి. ఎప్పుడు లాగుతారో తెలియక నా భుజాలు బిగుసుకుపోయేవి. ఆయనకు మాత్రం సరదా.

ఆ తర్వాత ఏ సౌకర్యాలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్నది. ఒక్కొక్కటీ నన్ను పైకి చదవమనేవారు. చదివిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న. “ఇది ఎవరు కొడతారు? ఎక్కడ నిలబడి కొడతారు?” జవాబు లేనిదల్లా పోయింది. సగం కొడితే మిగతాది తనే పూరించే సౌకర్యం పోయింది. “ఊహించి చేసే యంత్రం మనకొద్దు.” పైబాణం నొక్కితే ఇంతకుముందు కొట్టిన ఆదేశం మళ్లీ వచ్చే సౌకర్యం కూడా తీయించారు. అది మాత్రం ఉంచుదామని నేను వాదించాను. ఆపరేటర్లు తిట్టుకుంటారన్నాను.

“తిట్టుకోనీ. మళ్లీ కొట్టాలంటే మళ్లీ ఆలోచించాలి,” అన్నారు.

ఆయన దగ్గర ఒక స్టీలు గ్లాసు ఉండేది. మార్టూరు వెళ్లినప్పుడల్లా కట్టర్ కింద పారే రాతిబురదను సీసాలో పట్టుకొచ్చి ఆ గ్లాసులో పోసేవారు. వేళ్లు అందులో ముంచి, కారుతుండగానే కీబోర్డు మీద ఆదేశాలు కొట్టి చూసేవారు. అక్కడి చేతులు అలాగే ఉంటాయి కదా అని.

“ఏవండీ, అది నా వంటింటి గ్లాసు,” అనేవారు అమ్మగారు గుమ్మంలోంచి.

“కడిగి ఇస్తాను.”

“ఆ చేత్తో కడుగుతారా? ఇంకేం, అక్కడే ఉంచుకోండి.”

ఆ గ్లాసు మళ్లీ వంటింటికి వెళ్లలేదు.

చివరికి ఆదేశాలు నాలుగే మిగిలాయి. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. ‘ఎక్కడ’ అని కొడితే బ్లేడు ఎంత లోతున ఉందో చెబుతుంది. ‘ఆపు’ అంటే అర్థమవుతూనే ఉంది, ‘నీళ్లు’ బ్లేడును చల్లబరిచే నీటిని వదిలేది. నాలుగోది ‘ఎత్తు’, బ్లేడును నిట్టనిలువుగా పైకి లేపేది. మామూలుగా కట్టర్ చుట్టూ ఉన్న గేటు తెరిచి ఉంటే ప్యానెల్ బటన్లు పనిచేయవు. ఈ నాలుగు మాటలకు మాత్రం గేటుతో సంబంధం లేదు. ప్రమాదం జరిగినప్పుడు లోపల మనుషులుంటారు, గేటు మూయడం కుదరదు, అలాంటప్పటి కోసమే ఇవి అన్నారాయన.

ఫ్యాక్టరీలో మొదటి కట్టర్ నడిపే మేస్త్రీకి వీటిని నేర్పిన రోజు అతను తల గోక్కున్నాడు. “ఎత్తేది ఉంది, దించేది లేదేంటి సారూ?”

“దించడానికి బటనుంది. గేటు మూసుకుని దించు.”

“మాటైతే సుఖం కదా.”

“అందుకే పెట్టలేదు,” అన్నారు మాస్టారు.

ఆ దారి ఎందుకు ఉండాలో నేను కళ్లారా చూశాను. ఎండాకాలం మధ్యాహ్నం, కొత్త బోర్డు పనితీరు చూడటానికి మేమిద్దరం మార్టూరులోనే ఉన్నాం. దిమ్మ కోత చివరికొచ్చింది. పలక అడుగున కొంచెమే అంటుకుని ఉంది. పలక ఒరగకుండా చీలికలో చెక్క మేకులు కొట్టడానికి యంత్రం ఆపి, గేటు తెరుచుకుని మేస్త్రీ తమ్ముడు లోపలికి వెళ్లాడు. అంతలో కరెంటు పోయి, వెంటనే వచ్చింది. కరెంటు రాగానే యంత్రం అదిరిన కుదుపుకు పలక అడుగున పగిలి, బ్లేడు మీదికి ఒరిగింది. తమ్ముడు రెండు చేతులతో మేకును అదిమి పట్టుకుని ఉండిపోయాడు. వదిలితే పలక అతని మీదికి వస్తుంది. వదలకపోతే అతను కదల్లేడు.

కరెంటు వచ్చాక ప్యానెల్ బటన్లకు తెలిసింది ఒకటే, గేటు మూస్తే బ్లేడును మోసే ట్రాలీని పక్కకు జరిపి మొదటి చోటికి తీసుకెళ్లడం. బ్లేడు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పలక నిలవదు.

“అన్నా, త్వరగా,” అన్నాడు లోపలి నుంచి. గొంతు పెద్దగా లేదు. అందుకే నాకు భయమేసింది.

నేను కీబోర్డు వైపు కదిలాను. మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, మేస్త్రీతో, “నువ్వు కొట్టు,” అన్నారు.

“నా వల్ల కాదు సారూ, మీరు కొట్టండి.”

“బ్లేడు కదిలేటప్పుడు చప్పుడు తేడా నీకు తెలుస్తుంది, నాకు తెలీదు. ఆపాల్సి వస్తే నీ చెయ్యే కీబోర్డు మీద ఉండాలి. కొట్టు.”

అతను కొట్టాడు. తడివేళ్లతో ఒక అక్షరం పడలేదు. తెర మీద ‘తెలియదు’ అని వచ్చింది. ఊహించి పూరించే సౌకర్యం ఉంచి ఉంటే ఈపాటికి బ్లేడు లేచేదని ఒక్క క్షణం ఆయన మీద కోపం కూడా వచ్చింది. మేస్త్రీ చేతులు లుంగీకి తుడుచుకుని మళ్లీ ఒక్కో అక్షరం కొట్టాడు. బ్లేడు కిర్రుమంటూ కొంచెం లేచింది. చెవి ఒగ్గి విన్నాడు. ‘ఆపు’ కొట్టాడు. “మేకు ఇంకాస్త లోపలికి తొయ్యరా,” అని అరిచాడు. తమ్ముడు తోశాడు. మళ్లీ ‘ఎత్తు’. బ్లేడు చీలిక దాటి పైకొచ్చేసరికి పలక దిమ్మ వైపు ఆనుకుని నిలిచింది.

తమ్ముడు బయటికొచ్చి నేల మీద కూలబడ్డాడు. మేస్త్రీ అతని నెత్తిన ఒక్కటిచ్చి, “ఏరా, నిద్రపోయావా లోపల?” అన్నాడు. తర్వాత పంపు దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

తిరుగుబస్సులో కిటికీ పక్కన పత్తిచేలు వెనక్కి పోతుంటే మాస్టారితో అన్నాను, “మీరన్నదే నిజం. ఆ దారి ఉండాలి.” ఆయన సంతోషపడలేదు. “ఇవాళ ఉండాలి. రేపటి సంగతి రేపు,” అన్నారు.

ఆ రేపు వచ్చింది. నీళ్లగొట్టం బురదతో తరచూ మూసుకుపోయేది. గేటు మూయడం, బటన్ నొక్కడం, మళ్లీ తెరవడం అంతా ఆలస్యం. మేస్త్రీకి సులువు దొరికింది. గేటు తెరిచే ఉంచి, తను లోపల గొట్టంలోని బురద పొడుస్తుంటే తమ్ముడు బయట ‘నీళ్లు’ కొట్టేవాడు, బ్లేడు అడ్డొస్తే ‘ఎత్తు’ కొట్టేవాడు. ఆపద కోసం పెట్టిన మాటలు రోజువారీ పనిముట్లయ్యాయి. మాకు తెలియదు. ఒకరోజు మేస్త్రీ చెయ్యి ఇంకా లోపలుండగానే బ్లేడు లేచింది. తిరగడం లేదు కాబట్టి చెయ్యి మిగిలింది. ఇనుప చట్రానికీ బ్లేడుకూ మధ్య వేళ్లు నలిగాయి.

ఆసుపత్రిలో అతని భార్య మాస్టారికి కుర్చీ వేసింది కానీ తను కూర్చోలేదు. “ఆ మాటలు తీసేయండి సార్. మీకు దణ్ణం పెడతా. కరెంటు పోతే పోయింది, రాయి పోతే పోయింది.”

మంచం మీంచి మేస్త్రీ, “నువ్వూరుకో,” అన్నాడు. “ఆరోజు అవి లేకపోతే నా తమ్ముడేడి? తీయమాకండి సారూ.”

తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆదేశం కొట్టింది తనే. ఎవరి వైపూ చూడలేదు.

మాస్టారు లేచారు. మేస్త్రీ దుప్పటి సరిచేసి వచ్చేశారు. తర్వాతి వారమంతా ‘ఎత్తు’ ముందు ఒక హారన్ పెట్టారు. కొట్టగానే హారన్ మోగుతుంది, కాసేపాగి మళ్లీ అడుగుతుంది, అప్పుడు రెండోసారి కొట్టాలి. కట్టుతోనే వచ్చి మేస్త్రీ దాన్ని చూసి నవ్వాడు. “బాగుంది సారూ. వారంలో అలవాటైపోద్ది.” మాస్టారూ నవ్వారు. కానీ ఆ సాయంత్రం ఎన్నడూ లేనిది పనిబల్ల సర్దకుండానే ఇంట్లోకి వెళ్లిపోయారు.

గేటు మూసి ఉంటేనే యంత్రం ఆ మాటలు వినేలా చేద్దామన్నాను. “అప్పుడది ఎందుకు?” అన్నారు. పూర్తిగా తీసేద్దామన్నాను. “ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే?” అన్నారు. పోనీ ఉంచుదామన్నాను. ఏమీ అనలేదు. ఈ సంభాషణ మా మధ్య ఎన్నోసార్లు నడిచింది, ఎప్పుడూ అక్కడే ఆగింది. ఆయన పోతే ఆ మౌనం నా వంతవుతుందని నేను అనుకోలేదు.

అంత్యక్రియలకు మేస్త్రీ కుటుంబం మార్టూరు నుంచి వచ్చింది. అతని రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. పూలమాలను అరచేతుల మధ్య పట్టుకుని వేశాడు. వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, “కొత్త మిషను కూడా నాకే ఇస్తున్నారు మేడమ్. అందులో ఉంటాయి కదా మన మాటలు?” అన్నాడు. అతని భార్య వెనకే నిలబడింది. నా మొహం చూస్తూ ఉండిపోయింది. ఫ్యాక్టరీ యజమాని అంతకుముందే ఫోన్ చేసి ఆ దారి మూసేయమన్నారు. బోర్డులు ఈ నెలలోనే పంపాలి. ‘చూస్తాను’ అని మాత్రం అన్నాను.

పెద్ద చదువు చదివినందుకు ఒక పక్షం తేల్చగలగాలి అనుకుంటారు. మాస్టారు నాకు నేర్పింది తేల్చడం కాదు. తేల్చేముందు ఎవరు, ఎక్కడ నిలబడి అని అడగడం. ఆ ప్రశ్న అడిగితే నాకు ఇద్దరు కనిపిస్తున్నారు. మేకు పట్టుకుని కదల్లేని తమ్ముడు ఒకరు, గొట్టంలో చెయ్యి పెట్టిన అన్న ఒకరు. ఇద్దరూ అదే గేటు లోపలే ఉన్నారు.

నిన్న వర్క్‌షాపు తెరిచాను. గ్లాసు పనిబల్ల మీదే ఉంది. నీరు ఆరిపోయి అడుగున బురద బీటలు వారింది. కాస్త నీళ్లు పోసి కలిపాను. వేళ్లు ముంచి, తెరలో మళ్లీ ఆ వరుస దగ్గరికి వెళ్లాను. ఒకవైపు యాష్, దానితో పాటు ఆ నాలుగు మాటలు, ఇంకోవైపు ‘ఏదీ వద్దు’. వేళ్ల చివర్ల నుంచి బూడిదరంగు నీరు కీబోర్డు మీదికి ఒక్కో బొట్టే జారింది. ఉంచాలో మూయాలో నాకు ఇంకా తెలియడం లేదు. వేళ్లు ఆరి తెల్లబడేదాకా అలాగే కూర్చున్నాను.