వాసన చూడు బిడ్డా

తొంభైల చివర, గోదావరిఖని నుంచి మంచిర్యాల వెళ్లే బస్సులో ఒక పెద్దమనిషి నా పక్కన కూర్చున్నాడు. ఆయన కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. తాగి ఉన్నాడనుకుని నేను కిటికీ వైపు జరిగాను.

ఆయన నా మొహం మీదికి హా అని ఊపిరి వదిలాడు. "వాసన చూడు బిడ్డా. తాగలె." లవంగం వాసన తప్ప ఏమీ లేదు.

"మెదడుల ఏదో ప్రొటీన్ ముద్ద కట్టిందట, గందుకే వణుకుతదన్నడు హైదరాబాద్ డాక్టరు. ప్రొటీనంటే గుడ్లల్ల ఉండేదే అనుకున్న నేను."

ఆ సంగతి తెలియకముందే, తాగి డ్యూటీకి వచ్చాడని బొగ్గుబాయి పనిలోంచి తీసేశారట.

"ఊదుత, చూడుండ్రి అన్న నేను. సాక్షి ఉన్నడు పో అన్నరు. సాక్షి ఎవరో ఎరుకనా? నా బాయి దోస్తు. ఈ వణుకు మొదలు చూసిందే వాడు. ఒలుకుతదని రెండేండ్లు నా గ్లాసుల చాయ్ సగమే పోసిండు."

నాకు మళ్లీ ఆయన దగ్గరికి జరగడానికి కూడా సిగ్గేసింది.

శ్రీరాంపూర్‌లో ఆయన లేచాడు. తలుపు దగ్గర కండక్టర్ ఆ చేతివైపు చూశాడు గానీ ఏమీ అడగలేదు. అయినా ఆయన ఆగి, అతని మొహం మీదికీ హా అని ఊపిరి వదిలి, దిగిపోయాడు.